విరిగినదానిని కూర్చే విద్య: జబ్ర్ నుండి పుత్తూరు కట్టు వరకు

నమాజులో రెండు సజ్దాల నడుమ కూర్చున్నప్పుడు మనలో అనేకులు పలికే దుఆలో 'వజ్బుర్నీ' అనే మాట ఒకటి ఉంది. 'నాలో విరిగినదానిని కూర్చు' అని దాని భావం. ఈ మాటకు మూలం 'జబ్ర్'. అల్లాహ్ శుభనామాలలో ఒకటైన 'అల్ జబ్బార్'కు సర్వాధికారి అన్న అర్థంతోపాటు, విరిగినవారిని కూర్చేవాడన్న అర్థాన్ని కూడా ఉలమాలు చెప్పియున్నారు. విరిగిన ఎముకకు కట్టే బద్దను అరబ్బీలో 'జబీరా' అంటారు. కట్టేవాడు 'ముజబ్బిర్'. తొమ్మిదవ శతాబ్దంలో బగ్దాదులో అల్ ఖ్వారిజ్మీ తన గణిత గ్రంథానికి పేరు పెట్టినప్పుడు వాడుకున్నది కూడా ఈ మాటే. బీజగణితానికి ఐరోపా భాషలలో ఉన్న 'ఆల్జీబ్రా' అనే పేరు అలా వచ్చింది. స్పెయిన్ దేశంలో ఎముకలు కట్టేవానిని చాలాకాలం 'అల్గెబ్రిస్తా' అనే పిలిచారు. 1615లో వెలువడిన 'డాన్ కిహోటే' రెండవ భాగంలో సైతం దెబ్బతిన్న ఒక పాత్రకు కట్టు కట్టేవాడు అల్గెబ్రిస్తాయే.

ఈ విద్య మన జిల్లాల వారికి కొత్తది కాదు. తిరుపతి నుండి చెన్నై వెళ్లే దారిలో ఉన్న పుత్తూరు పేరు వినగానే దక్షిణ దేశంలో అందరికీ గుర్తుకు వచ్చేది కట్టే. ఒకనాడు చిత్తూరు జిల్లాలోను, 2022 నుండి తిరుపతి జిల్లాలోను ఉన్న ఈ చిన్న పట్టణం పేరు పెట్టుకున్న కట్టుశాలలు చెన్నై వీధులలో కూడా కనిపిస్తాయి. కులమత భేదం లేకుండా జనం అక్కడికి వెళతారు. ముస్లిములూ వెళతారు.

ఈ వ్యాసంలో ఆ విద్య చరిత్రనంతా చెప్పబూనుకోలేదు. శరీరంలోని ఒక్క కీలును, అందులోనూ పనిచేసే వయసులో ఉన్నవారికి వచ్చే ఒక్క గాయాన్ని తీసుకుని, మన పూర్వుల జ్ఞానం ఎంతవరకు వచ్చింది, ఎక్కడ ఆగింది, ఎందుకు ఆగింది అని చూడడమే ఉద్దేశం. ఆ కీలు భుజం. ఆ గాయం, కండను ఎముకకు బిగించి ఉంచే తాడు తెగడం.

భుజం ఎందుకు ప్రత్యేకమైనది?

తుంటి కీలులో ఎముక తల లోతైన గుంటలో కూర్చుంటుంది. భుజంలో అలా కాదు. చిన్న గరిటెలో పెట్టిన పెద్ద నిమ్మపండు వలె దండ ఎముక తల ఒక నిస్సారమైన పళ్లెం మీద ఆని ఉంటుంది. అందుచేతనే చేతిని మనం ఏ వైపుకైనా తిప్పగలుగుతున్నాము. అందుచేతనే అది జారిపోవడం కూడా సులభం. దానిని పట్టి ఉంచేవి ముఖ్యంగా రెండు. ఒకటి, పళ్లెం అంచు చుట్టూ ఉండే మెత్తని ఒర, దానిని అంటుకుని ఉన్న సంధిబంధనాలు. రెండవది, రెక్క ఎముక నుండి బయలుదేరి దండ ఎముక తలను చుట్టుకునే నాలుగు కండరాలు. ఈ కండరాల కొసలు తాళ్ల వలె గట్టిపడి, ఒక పట్టీగా కలిసి ఎముకకు అతుక్కుంటాయి. వైద్యులు దీనిని రొటేటర్ కఫ్ అంటున్నారు. పైభాగాన ఉండే తాడు చేతిని పక్కకు ఎత్తడానికి సాయపడుతుంది. తరచుగా చిరిగేదీ అదే.

వయసు మీరినవారిలో ఈ తాడు పాత చేదతాడు వలె పోగుపోగుగా అరిగి, ఒకనాడు చిన్న కుదుపుకే తెగవచ్చు. ఇరవైలు, ముప్పైలలో ఉన్నవారిలో తాడు గట్టిదే. అది తెగాలంటే దెబ్బ గట్టిదై ఉండాలి. మోటారు సైకిలు మీద నుండి పడడం, చెట్టెక్కి జారుతూ ఒంటిచేత్తో కొమ్మను పట్టుకోవడం, కబడ్డీలో చెయ్యి మెలిపడడం వంటివి కారణాలు. క్రికెట్ బంతిని ఏళ్ల తరబడి విసిరేవారిలోను, తలపైకి చేతులెత్తి రోజంతా గోడలకు రంగులు వేసేవారిలోను, మదనపల్లె టమోటా మార్కెట్టులోను దామలచెరువు మామిడి మండీలలోను బుట్టలు, పెట్టెలు ఎత్తే హమాలీలలోను తాడు కొంత మేరకు చిరిగి, వాచి, బాధ పెట్టవచ్చు.

యవనుల నుండి కుర్తుబా వరకు

భుజం జారడం గురించి ప్రాచీనులు చాలా రాశారు. మడమను చంకలో ఆనించి చేతిని లాగి కీలును కూర్చే పద్ధతి హిపోక్రటీస్ పేరుతోనే నేటికీ ప్రసిద్ధం. మాటిమాటికీ భుజం జారే రోగం వలన, మిగతా విధాలా యోగ్యులైన యువకులు వ్యాయామ క్రీడలకు పనికిరాకుండా పోయారని, యుద్ధంలో ప్రాణాలు పోగొట్టుకున్నారని ఆ గ్రంథాలలో ఉంది. ఇది పడుచువారి వ్యాధి అని అంత పూర్వమే గుర్తించారన్నమాట.

మన దేశంలో సుశ్రుతుడు కీలు తప్పడంలో ఆరు రకాలను, ఎముక విరగడంలో పన్నెండు రకాలను వేరుచేసి చెప్పాడు. భుజం జారితే చంకలో రోకలి ఆనించి పైకెత్తి కూర్చి, స్వస్తిక ఆకారంలో కట్టు కట్టమన్నాడు. హారూన్ రషీద్ కాలంలో బర్మకీ వంశపు మంత్రి యహ్యా బిన్ ఖాలిద్ ఆదేశంతో మన్కా అనే భారతీయ వైద్యుడు సుశ్రుతుని గ్రంథాన్ని అరబ్బీ వారికి అందించాడని ఇబ్న్ నదీమ్ తన 'ఫిహ్రిస్త్'లో పేర్కొన్నాడు. గ్రీకు వైద్యమూ భారతీయ వైద్యమూ ఒకే నగరంలో ఒకే భాషలోకి వచ్చి చేరిన కాలమది.

ఆ సంపదనంతా అందుకుని శస్త్రవైద్యానికి ఒక రూపమిచ్చిన వాడు అబుల్ ఖాసిమ్ అజ్జహ్రావీ. కుర్తుబా నగర సమీపాన మదీనతుజ్జహ్రాలో సుమారు 936లో జన్మించి, సుమారు 1013లో మరణించాడు. ముప్పై మఖాలాలు గల ఆయన 'అత్తస్రీఫ్' గ్రంథంలో చివరిది శస్త్రవైద్యానికి చెందినది. అందులో మొదటి బాబు వాతలు పెట్టడం గురించి, రెండవది కోతలు, కుట్లు గురించి, మూడవది జబ్ర్ గురించి. పన్నెండవ శతాబ్దంలో తులైతులా నగరంలో క్రెమోనా వాసి జెరార్డ్ దీనిని లాటిన్ లోనికి అనువదించాడు. తరువాత కొన్ని శతాబ్దాలపాటు ఐరోపా శస్త్రవైద్యులు దానిని పాఠ్యగ్రంథంగా చదివారు.

మాటిమాటికీ జారే భుజానికి అజ్జహ్రావీ చెప్పిన చికిత్స ఇది: ముందు కీలును స్థానంలో కూర్చాలి. తరువాత చంకలోని చర్మాన్ని పైకి లాగిపట్టి, రెండు మొనలుగల ఇనుప కడ్డీని కాల్చి వాత పెట్టాలి. గాయం మానేటప్పుడు ఆ చోటు ముడుచుకుని గట్టిపడుతుంది, ఎముక తల అటు జారదు. హిపోక్రటీస్ కాలం నుండి వస్తున్న పద్ధతే ఇది. దీనిలోని ఆలోచన మాత్రం తేలికగా తీసివేయదగినది కాదు. సడలిన చోటును బిగించాలన్నదే ఆ ఆలోచన. 1923లో లండనులో బ్యాంకార్ట్ అనే శస్త్రవైద్యుడు, సడలినది చర్మం దగ్గర కాదు, లోపల పళ్లెం అంచున ఉన్న ఒర ఊడిందని చూపి, దానిని తిరిగి కుట్టాలన్నాడు. అజ్జహ్రావీకి బిగించాలని తెలుసు. ఎక్కడ బిగించాలో తెలుసుకోవడానికి మరో తొమ్మిది శతాబ్దాలు పట్టింది.

ఒక మాట తెచ్చిన చిక్కు

ఇక తాడు సంగతి. భుజం జారడం గురించి అన్ని పుటలు రాసిన ప్రాచీనులు, భుజపు పట్టీ తెగడం గురించి చెప్పింది ఏమీ లేదనే అనాలి. ఎందువలన? అనువాదకుని దృష్టికి ఇందులో ఒక భాషా కారణం కూడా కనిపిస్తుంది.

గ్రీకు భాషలో 'న్యూరాన్' అనే మాటకు మొదటి అర్థం తాడు, నారి, స్నాయువు. క్రీస్తుపూర్వం మూడవ శతాబ్దంలో అలెగ్జాండ్రియాలో హెరోఫిలస్ మొదలైనవారు శవపరీక్షలు చేసి, మెదడు నుండి స్పర్శను, కదలికను మోసుకుపోయే నాడులను వేరుగా గుర్తించిన తరువాత, అదే మాట వాటికీ వాడుకలోకి వచ్చింది. రూపు ఒకటే, తెల్లని తాడు, పేరూ ఒకటే. తరువాత వచ్చిన జాలీనూస్ ఈ రెండింటినీ వేరుచేశాడు గాని, కండర కొసలోని తాడు నాడీ తంతువులు, బంధన తంతువులు కలిసి ఏర్పడినదని భావించాడు. అందువలన దానికి సూది తగిలితే వంకరలు పోయే మూర్ఛ వస్తుందని భయపడ్డాడు. ఆ భయంతో తాడును కుట్టడానికి శతాబ్దాలపాటు వైద్యులు వెనుకాడారు.

బగ్దాదులో హునైన్ బిన్ ఇస్హాఖ్ (809-873) జాలీనూస్ గ్రంథాలను సిర్యానీ, అరబ్బీ భాషలలోకి తెచ్చినవారిలో అగ్రగణ్యుడు. ఒకే గ్రంథానికి వేర్వేరు ప్రతులను సేకరించి, పోల్చి, పాఠాన్ని సరిచూసుకుని, మాటకు మాట కాక భావానికి భావం అనువదించినవాడు. అరబ్బీ వైద్యంలో నాడికి 'అసబ్', కండర తాడుకు 'వతర్', ఎముకకు ఎముకను కట్టే బంధనానికి 'రిబాత్' అని మూడు మాటలు స్థిరపడ్డాయి. మూడు వస్తువులకు మూడు పేర్లు! అయినా ఇబ్న్ సీనా (980-1037) 'ఖానూన్'లో సైతం వతర్ పుట్టుక జాలీనూస్ చెప్పినట్లే ఉన్నది. పేర్లు వేరయ్యాయి గాని సిద్ధాంతం మారలేదు.

మన తెలుగు సంగతి చూడండి. రక్తం పారేది నరమే, స్పర్శ తెలిపేది నరమే, మడమ వెనుక బిగిసి ఉండేదీ నరమే. భుజం నొప్పి అనగానే 'నరం పట్టింది', 'నరం మీద నరం ఎక్కింది' అనేస్తాము. పాఠ్యపుస్తకంలోని స్నాయుబంధకం అనే మాట పరీక్ష కాగితం దాటి ఇంటికి రాలేదు. పేరు లేని వస్తువు కంటికి కనిపించదు. నరం పట్టిందనుకున్నవాడు తోమించుకుంటాడు. తాడు తెగిందని తెలిసినవాడు తోమించుకోడు.

పుత్తూరులో

పుత్తూరు దగ్గరి రాచపాలెంలో రాజుల కుటుంబం తరతరాలుగా ఈ కట్టు కడుతూ వస్తున్నది. అడవికి వేటకు వెళ్లిన పూర్వీకుడొకరు కాళ్లు విరిగిన కుందేలును ఆకులలో చుట్టి తేగా, అది కోలుకున్నదని, అలా ఆ ఆకు గుణం తెలిసిందని అక్కడివారు చెప్పుకునే కథ. కథ సంగతి ఎలా ఉన్నా, చేసే పని కళ్లకు కనిపిస్తుంది. చేతితో తడిమి విరుపును గుర్తించడం, లాగి నిలపడం, ఆకు పసరు, కోడిగుడ్డు తెల్లసొన, గుడ్డ, వెదురు బద్దలతో బిగించడం.

అజ్జహ్రావీ మూడవ బాబు చదివినవారికి ఇక్కడ ఒక ఆశ్చర్యం కలుగుతుంది. తిరుగలి పిండి ధూళిని కోడిగుడ్డు తెల్లసొనతో కలిపి పట్టు వేయమని ఆయన కూడా రాశాడు. కుర్తుబాకు పుత్తూరుకు రాకపోకలు ఉండనక్కరలేదు. తెల్లసొన ఆరితే గట్టిపడుతుందన్న సంగతి ఇద్దరి వంటిళ్లలోనూ తెలిసినదే. అవసరం ఒకటైనప్పుడు మనుషులు ఒకే ఉపాయానికి వస్తారు.

ఈ విద్యను తృణీకరించడం న్యాయం కాదు. చీలి స్థానం తప్పని ముంజేతి ఎముకను కదలకుండా నిలిపితే, అల్లాహ్ పెట్టిన నియమం ప్రకారం అది తనంతట తాను అతుక్కుంటుంది. బీదవానికి తక్కువ ఖర్చుతో, తన భాషలో, తన ఊరి దగ్గర దొరికే సాయం అది. అయితే బద్దలు మరీ బిగిస్తే రక్తం ఆడక చేయి చచ్చుబడుతుంది. ఇది ఎవరు కట్టిన కట్టుకైనా వర్తించే ప్రమాదమే.

భుజపు తాడు విషయంలో చిక్కు వేరే. వేళ్లు ఎముకను గుర్తిస్తాయి. లావైన కండ కింద, ఎముక కప్పు అడుగున ఉన్న తాడు చిరుగు వేళ్లకు అందదు. ఎముక విరగలేదు గనుక 'బెణికింది' అంటారు. కట్టు కడితే నొప్పి కొంత తగ్గుతుంది. నొప్పి తగ్గింది గనుక నయమైందనుకుంటారు. ఈలోగా తెగిన తాడు లోపలికి ముడుచుకుపోతుంది, దాని కండ చిక్కి క్రొవ్వుగా మారుతుంది. నెలలు గడిచాక ఆ తాడును తిరిగి ఎముక దాకా లాగడమే కష్టం కావచ్చు. ఆసుపత్రికి వెళ్లినవాని గతి కూడా ఒక్కొక్కసారి ఇంతే. 1895లో కనుగొన్న ఎక్స్ రే ఎముకను చూపుతుంది గాని తాడును చూపదు. ఫోటోలో ఎముక బాగుందని చెప్పి పంపివేస్తే, చదువుకున్నవాడు చేసినది కూడా చదువుకోనివాడు చేసినదే.

తాడు కంటబడిన తీరు

1834లో లండనులో జె. జి. స్మిత్ అనే వైద్యుడు శవపరీక్షలలో చూచిన ఏడు భుజాలలో ఈ తాళ్లు తెగి ఉన్న తీరును ప్రచురించాడు. బ్రతికి ఉన్న మనిషిలో తాడును కుట్టే పనికి ఇంకా ముప్పాతిక శతాబ్దం పట్టింది. 1909లో బోస్టన్ నగరంలో కాడ్మన్ దానిని చేసి, 1911లో ప్రకటించాడు. 1934లో భుజం గురించి పెద్ద గ్రంథమే రాశాడు. ఈ కాడ్మన్ మరో మాట కూడా అన్నాడు. ప్రతి ఆసుపత్రి తాను చికిత్స చేసిన ప్రతి రోగినీ కొంతకాలం తరువాత పిలిచి చూచి, ఫలితం మంచిదైనా చెడ్డదైనా రాసి బయటపెట్టాలని. తోటి వైద్యులకు అది రుచించలేదు. ఆయన తన ఆసుపత్రిలో స్థానం వదులుకోవలసి వచ్చింది.

చిత్తూరుకు దక్షిణాన పొరుగునే ఉన్న వేలూరు పేరు మన ఉలమాకు బాఖియాతుస్సాలిహాత్ మదర్సా వలన సుపరిచితం. తాడు చికిత్స చరిత్రలోనూ ఆ ఊరికి చోటున్నది. 1946లో క్రైస్తవ వైద్య కళాశాలకు వచ్చిన పాల్ బ్రాండ్, కుష్ఠువ్యాధి వలన వేళ్లు ముడుచుకుపోయినవారికి, బాగున్న కండ తాడును మరోచోటికి మార్చి కుట్టి, చేయి తిరిగి పనిచేసేటట్లు చేశాడు. తాడును ముట్టుకోరాదన్న జాలీనూస్ భయం ఎంత దూరం వెనుకబడిపోయిందో దీనితో తెలుస్తుంది.

నేడు అల్ట్రాసౌండ్, ఎమ్మారై పరీక్షలలో తాడు కంటికి కనిపిస్తుంది. చిన్న రంధ్రం గుండా గొట్టం పంపి, లోపల చూస్తూ, ఎముకలో మేకు వంటి ఆనకం దిగవేసి తాడును బిగించి కుట్టడం సాధ్యమైంది. అయితే నొప్పి ఉన్న ప్రతి భుజాన్నీ కోయనక్కరలేదు. పడుచువారిలో వాపు, పాక్షిక చిరుగు చాలావరకు బరువు పని ఆపి, క్రమంగా కండరాలను బలపరచే వ్యాయామంతో తగ్గుతాయి. గట్టి దెబ్బ తగిలి తాడు పూర్తిగా తెగినప్పుడు మాత్రం ఆలస్యం పనికిరాదు. తొలి వారాలలోనే శస్త్రవైద్యుని సలహా పొందడం మేలు. ఆపరేషను తరువాత కొన్ని వారాలు చేయి జోలెలో ఉండాలి. బరువులెత్తడానికి నెలలు పడుతుంది. ఇరవై ఏళ్లలోపు వానికి భుజం ఒకసారి జారితే మళ్లీ జారే అవకాశం చాలా ఎక్కువని, నలభై దాటినవానికి జారితే తాడు కూడా తెగి ఉండవచ్చునని వైద్యులు హెచ్చరిస్తారు.

దెబ్బ తగిలిన తరువాత చేయి తనంతట తాను పైకి లేవకపోతే, రెండవ చేత్తో ఎత్తితే లేస్తుంటే, అది నరం పట్టడం కాదు. తిరుపతిలో 1960లో స్థాపితమైన శ్రీ వేంకటేశ్వర వైద్య కళాశాలకు అనుబంధమైన రుయా ఆసుపత్రి ఉన్నది. ఎముకలు, కీళ్ల చికిత్సకు 1985లో నెలకొన్న బర్డ్ ఆసుపత్రి ఉన్నది. అడిగి చూపించుకోవాలి.

హిస్బా ఏమి చెప్పింది?

కట్టు కట్టేవానిని నిషేధించాలా, వదిలివేయాలా అన్న ప్రశ్న మనకు కొత్తగా వచ్చినది కాదు. పన్నెండవ శతాబ్దంలో షామ్ దేశంలో అష్షైజరీ రాసిన హిస్బా గ్రంథంలో ముజబ్బిర్ల కొరకు విడిగా నియమాలున్నాయి. పౌలుస్ గ్రంథంలో జబ్ర్ గురించిన ఆరవ భాగం తెలిసి ఉండాలి, మానవ దేహంలో ఎముకలెన్నో, ఒక్కొక్కదాని ఆకారమేమిటో తెలిసి ఉండాలి. అప్పుడే ముహ్తసిబ్ అతనిని పనిచేయనివ్వాలి. అక్కడ చెప్పిన ఎముకల సంఖ్య 248. నేటి లెక్క 206. లెక్క మారింది, కట్టేవాడు పరీక్షకు నిలబడాలన్న సూత్రం మారలేదు. వైద్యం తెలియకుండా వైద్యం చేసినవాడు హానికి బాధ్యుడని హదీసు గ్రంథాలు బోధిస్తున్నాయి. తలకు గాయమైన ఒక సహచరునికి కొందరు తెలియక స్నానం తప్పదని చెప్పగా అతను మరణించాడు. తెలియనప్పుడు అడిగి ఉండవలసిందని మహాప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) వారిని తీవ్రంగా మందలించిన ఉదంతం అబూ దావూద్ సంకలనంలో ఉన్నది.

కట్టు ఉన్నవానిపై షరీఅత్ చూపిన దయ చూడండి. జబీరా విప్పడం హాని అయితే వుజూలో దాని మీద తడిచేతితో మసహ్ చేస్తే చాలు. మేజోళ్ల మసహ్ కు ఉన్నట్లు దీనికి దినాల గడువు లేదు. తక్బీరుకు చేయి చెవిదాకా లేవనివాడు లేచినంతవరకే ఎత్తుతాడు. ఒక చేయి లేవకపోతే రెండవది ఎత్తుతాడు. ఇంత సౌలభ్యం ఇచ్చిన ధర్మం, నయం కాగల చేతిని అశ్రద్ధతో పోగొట్టుకోమని చెప్పదు.

మన సభలలో అజ్జహ్రావీ పేరు చెప్పుకుని, నేటి శస్త్రవైద్యమంతా ఆయన గ్రంథంలోనే ఉన్నదని చప్పట్లు కొట్టించుకోవడం ఒక అలవాటైంది. ఇది ఆయనకు గౌరవం కాదు. తన దేశంలో శస్త్రవైద్యం క్షీణించడానికి శరీర నిర్మాణ జ్ఞానం లేకపోవడమే కారణమని తన గ్రంథారంభంలోనే వాపోయిన మనిషి ఆయన. తెలియనివారి చేతిలో రోగులు చనిపోయిన సంఘటనలను పేరుపేరునా కాకపోయినా విప్పి చెప్పినవాడు. భుజపు తాడు ఆయనకు తెలియదు. తెలియదని చెప్పడం వలన ఆయన స్థాయి తగ్గదు. ఆయనకు తెలిసినంతలో ఆగిపోయి, తరువాతి శతాబ్దాలలో ఆ పుటను ముందుకు తిప్పకపోవడమే మన స్థాయిని తగ్గించింది.

చిత్తూరు, తిరుపతి ప్రాంతాల మన యువకులలో చాలామంది బ్రతుకు వారి రెండు భుజాల మీదనే ఆధారపడి ఉన్నది. మండీలో మూట మోసేవానికి భుజం పోతే ఇల్లంతా పస్తు ఉంటుంది. మసీదు కమిటీలు, అంజుమన్లు ఏడాదికొకసారి ఒక వైద్యుని పిలిపించి, జుమా తరువాత అరగంట ఈ సంగతులు చెప్పించగలిగితే, పూర్వుల కీర్తిని గురించిన పది ఉపన్యాసాల కంటె అది మేలు. కట్టు కట్టేవారికి ఎక్స్ రే చదవడం, ఏ గాయాన్ని ఆసుపత్రికి పంపాలో గుర్తించడం నేర్పే ఏర్పాటు ప్రభుత్వం చేస్తే, అష్షైజరీ కోరినది ఎనిమిది వందల ఏళ్ల తరువాతనైనా మన జిల్లాలలో నెరవేరినట్లవుతుంది.

విరిగినవారిని కూర్చే ప్రభువు మన దేహాలను, మన జ్ఞానాన్ని కూర్చుగాక. ఆమీన్.